మూడు వరుసల వరకూ బాగానే రాశాడు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. నేను ఇంటి దగ్గర లేసు అల్లుతాను. మావారు చేపల చెరువుల దగ్గర లెక్కలు రాస్తారు. మా బాబు నాలుగో తరగతి, ఇంగ్లీషు మీడియం. పాఠాలు బాగానే అప్పగిస్తాడు కానీ దస్తూరి చూస్తే ఏడుపొస్తుంది. ట్యూషన్‌లో రోజుకు పది పేజీలు కాపీ రాయిస్తున్నారు, కుదురుగా లేకపోతే వేళ్ళ కణుపుల మీద స్కేలుతో కొడుతున్నారు. రాత బాగుపడితే చాలు, రెండు దెబ్బలు తింటే ఏమవుతుందని మావారంటారు. సొంతంగా ఏదైనా రాయమంటే రెండు ముక్కలతో సరిపెడతాడు. మాఘమాసంలో అంతర్వేది తీర్థానికి వెళ్ళినప్పుడు గోదావరి దాటించే పంటు మీద ఒక గేదె బెదిరింది. ఆ సంగతి వాళ్ళ తాతయ్యకు అరగంట సేపు చెప్పాడు. అదే బడిలో ‘నేను చేసిన ప్రయాణం’ గురించి రాయమంటే, ‘మేము అంతర్వేది వెళ్ళాము. బాగుంది. ఇంటికి వచ్చాము’ అని రాసి ఊరుకున్నాడు. వాడి నోట్సులోంచి ఒక పేజీ జతచేస్తున్నాను. ఇంట్లో మేం ఏం చేయాలో చెప్పండి. అన్నట్టు, చిన్నప్పుడు ఎడమ చేత్తో గీసేవాడు, మా అత్తగారు మాన్పించారు.

— ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీరు పంపిన పేజీని చదవడానికి ముందు వెనక్కి తిప్పి వేలితో తడిమాను. పంతులుగా నోట్సులు దిద్దీ దిద్దీ అబ్బిన అలవాటు. అక్షరాలన్నీ వెనక పక్క బొడిపెల్లా లేచి ఉన్నాయి. అంటే వాడు పెన్సిలును కాగితం మీద నడిపించడం లేదు, నొక్కి దున్నుతున్నాడు. తర్వాత ముందు వైపు చూశాను. మొదటి మూడు వరుసలు నిజానికి బాగానే ఉన్నాయి. మీరు ఏడ్చేంత ఘోరమేమీ కనబడలేదు. నాలుగో వరుస నుంచి అక్షరాలు పెద్దవై, ఏడో వరుసకు గీత దిగిపోయి, చివరికి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రెండుచోట్ల రబ్బరుతో రుద్దిన కాగితం చిరిగింది.

నిర్లక్ష్యంగా రాసే పిల్లవాడి పేజీ మొదటి వరుస నుంచే అలా ఉంటుంది. మూడు వరుసల దాకా సరిగ్గా రాసి ఆ తర్వాత జారిపోతున్నాడంటే రాయడం రాక కాదు, చెయ్యి అలసిపోయి. అలసిన చేత్తో ఇంకో తొమ్మిది పేజీలు రాయిస్తే జరిగేదేమిటి? మంచి అక్షరం మూడు వరుసలు, వంకర అక్షరం మూడు వందల వరుసలు సాధన అవుతుంది. ఏది ఎక్కువసార్లు రాస్తే చెయ్యి దాన్నే నేర్చుకుంటుంది. కాబట్టి మొట్టమొదట ఆ పది పేజీలు ఆపించండి. స్కేలు సంగతి మరీ గట్టిగా చెప్పండి. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షనులోనే ఉంది. ట్యూషను బడి కాదు గదా అని వాదించే వాళ్ళుంటారు. వాళ్ళతో చట్టం మాట్లాడకండి, కణుపు వాచిన వేలితో పెన్సిలు ఎలా పట్టుకుంటాడో వాళ్ళనే చూపించమనండి.

ఇక మీరు ఉత్తరం చివర ‘అన్నట్టు’ అని రాసిన మాట. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. మీ అత్తగారిని తప్పుపట్టడం లేదు. ఎడమ చేయి అనగానే పెద్దవాళ్ళకు అన్నం ముద్దా, పూజా గుర్తొస్తాయి. కానీ ఎడమ చేతివాటం పుట్టుకతో వచ్చేది, అలవాటు చెడి వచ్చేది కాదు. మాన్పించినా లోపలి వాటం పోదు, పనికిరాని చేత్తో పని చేయడం మాత్రం మిగులుతుంది. ఇంత నొక్కుడుకీ, ఇంత త్వరగా వచ్చే అలసటకీ అది ఒక కారణం కావచ్చు. నాలుగు రోజులు వాడికి చెప్పకుండా గమనించండి. బంతి ఏ చేత్తో విసురుతున్నాడు, పళ్ళు ఏ చేత్తో తోముతున్నాడు, కత్తెర ఇస్తే ఏ చేత్తో అందుకుంటున్నాడు, గోలీ ఏ చేత్తో కొడుతున్నాడు. అన్నీ ఎడమ చేత్తోనే అయితే, ఒక సాయంత్రం పెన్సిలిచ్చి ‘నీకు ఏ చెయ్యి హాయిగా ఉంటే దాంతో బొమ్మ గియ్యరా’ అనండి. బొమ్మే, అక్షరాలు వద్దు. రెండు మూడు వారాలు అలా జరిగాక, రాయడానికి కూడా ఎడమ చేయే సుఖంగా ఉందని వాడంటే, వదిలేయండి. కుడిచేయే అలవాటైపోయింది అంటే అదీ సరే, మళ్ళీ బలవంతంగా మార్చకండి. ఒకసారి మార్చినందుకే ఇంత అయింది. అత్తగారితో రాజీ మార్గం ఒకటుంది: అన్నం, ప్రసాదం కుడిచేత్తో, రాత ఎడమచేత్తో. నాకు తెలిసిన చాలా ఇళ్ళలో ఈ ఒప్పందం బాగా నడిచింది.

ఎడమ చేత్తో రాస్తే పుస్తకం పెట్టే తీరు మారాలి. పుస్తకం వాడి శరీరానికి కొంచెం ఎడమ పక్కన ఉండాలి, పై అంచు కుడివైపు వాలి ఉండాలి. పెన్సిలు మొన నుంచి కాస్త పైకి పట్టుకోవాలి, లేకపోతే రాసిందంతా వాడి చేతికిందే దాక్కుంటుంది, చెరిగిపోతుంది. బడిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి. మధ్యలో కూర్చుంటే పక్కవాడి మోచేతితో రోజూ యుద్ధమే.

చెయ్యి ఏదైనా, కూర్చునే తీరు ఒకటే. మన ఇళ్ళలో పిల్లలు మంచం మీద బోర్లాపడుకుని రాస్తారు, పెద్దవాళ్ళం దస్తూరి బాగాలేదని తిడతాం. కాళ్ళు నేలకు ఆనాలి. కుర్చీ ఎత్తయితే కాళ్ళకింద పీట వేయండి. పరీక్ష అట్టను రెండు లావు పుస్తకాల మీద ఒక పక్క ఎత్తుగా, వాలుగా పెట్టి దానిమీద రాయించండి. పాతకాలం గుమాస్తాలు వాలుగా ఉండే రాత పెట్టె ముందు పెట్టుకుని చిట్టా ఆవర్జాలు రాసేది ఊరికే కాదు, మణికట్టు వంగకుండా ఉంటుంది. ఇంకో కిటుకు: కొత్త పొడుగు పెన్సిలు కాకుండా వేలెడు పెన్సిలు ముక్క ఇవ్వండి. ముక్క చిన్నదైతే అరచేతిలో బిగించడానికి చోటుండదు, బొటనవేలు, చూపుడువేలు, వాటి కింద ఆనుడుగా మధ్యవేలు, ఈ మూడే పట్టుకోక తప్పదు. పలక మీద అరిగిపోయిన బలపం ముక్కతో మనమంతా నేర్చుకున్నది ఈ పట్టే. ఖరీదైన పెన్ను కొనిస్తే రాత మారుతుందేమో అని కొందరు తండ్రులు అడుగుతుంటారు. మన రాజమహేంద్రవరం రత్నం పెన్ను సంగతి తెలుసు కదా, 1935లో గాంధీగారే మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. హైస్కూలుకు వచ్చాక తప్పకుండా కొనివ్వండి. ఇప్పుడు మాత్రం మెత్తటి పెన్సిలే.

వేళ్ళకు బలం కాపీ పుస్తకంలో రాదు, ఇంటి పనిలో వస్తుంది. చపాతీ పిండి పిసకడం, కొబ్బరాకు నుంచి ఈనె చీరడం, పూలమాల కట్టడం, తడిబట్టలకు క్లిప్పులు పెట్టడం. ఇవన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జరిగే పనులే. అన్నిటికంటే నేను ముగ్గును నమ్ముతాను. తెలుగు అక్షరం గుండ్రన, మెలికల ముగ్గూ గుండ్రన. చుక్కను తాకకుండా చుట్టూ తిప్పుకొచ్చి మొదలుపెట్టిన చోటే కలిపిన చెయ్యికి ఇక ఏ అక్షరమూ లొంగకపోదు. ‘ఆడపిల్లల పని నేను చేయను’ అంటాడు. మీవారిని కూడా ఒక ఆదివారం ముగ్గు దగ్గర కూర్చోమనండి, ఆ మాట మళ్ళీ అనడు.

అక్షరాల విషయానికి వస్తున్నాను. యాభై ఆరూ ఒక్కసారిగా సరిచేయాలని చూడకండి. మీరు పంపిన పేజీలో చెడినవి ఏడెనిమిదే. ద, ధ, థ మూడూ ఒకేలా వేశాడు. మ చూస్తే య లాగా, య చూస్తే మ లాగా ఉన్నాయి. ఒత్తులు అసలు అక్షరమంత లావుగా వేసి కింది వరుసను గుద్దించాడు. అంతే. మిగతావి బతికే ఉన్నాయి.

ద కుటుంబానికి ఒక వారం ఇవ్వండి. మీ ఊళ్ళో పిల్లవాడికి మాటలు వెతుక్కోనక్కర్లేదు: వరద, ధాన్యం, రథం. వరదలో ద కింద ఏమీ లేదు. ధాన్యంలో ద కింద చిన్న నిలువు గీత వచ్చింది. రథంలో ఆ గీతతో పాటు పొట్టలో చుక్క కూడా వచ్చింది. ఆ మూడు మాటలూ రోజుకు నాలుగేసి సార్లు, అంతకు మించి వద్దు. రాసిన తర్వాత మీరు దిద్దకండి. నాలుగింటిలో వాడికి ఏది బాగా కుదిరిందనిపిస్తే దానికి వాడినే సున్న చుట్టమనండి. పిల్లలు చాలా నిజాయితీగా చుడతారు. బాగా లేనిదానికి చుట్టడం నేనెప్పుడూ చూడలేదు. తన కన్ను తన అక్షరాన్ని కొలవడం నేర్చుకుంటే ఎర్ర సిరా పెన్నుతో మనం వెంటపడక్కర్లేదు.

రెండో వారం మ, య. ముందు వ రాయించండి. వలో ఎడమ పక్క ఒక చిన్న చుట్టు ఉంటుంది చూడండి, అది మలోనూ ఉంటుంది, యలో ఉండదు. మీ వాడికి ఆ చుట్టు కనబడలేదు, ఇంతవరకూ ఎవరూ చూపించినట్టు లేదు. వకు కుడిపక్కన తోక లేపితే మ అవుతుంది. అందుకే వుకు కొమ్ము పక్కన కాకుండా కిందనుంచి ఇస్తాం, లేకపోతే రేవు కాస్తా ‘రేమ’ అయిపోతుంది. ఈ మాట చెప్పి చూడండి, నవ్వుతాడు. నవ్విన తప్పు మళ్ళీ చేయడు. ‘రేవులో మామయ్య’ అని రాయమంటే మూడూ ఒకేచోట వచ్చేస్తాయి.

ఒత్తులకు సాధన కంటే చోటు కావాలి. తెలుగు రాత మూడంతస్తుల మేడ. పైన గుడులూ ఏత్వాలూ, మధ్యలో అక్షరం, కింద ఒత్తులు. స్త్రీ అని రాస్తే కింద తావత్తూ రావత్తూ రెండూ నిలబడాలి. ఇప్పటి ఒంటి గీతల నోట్సులో వరుసకూ వరుసకూ మధ్య ఆ చోటు పిల్లల చేతికి సరిపోదు. ఇంట్లో రాసే పుస్తకంలో గీత విడిచి గీత రాయమనండి. కాగితం దండగ అని మీవారంటే, ట్యూషను పది పేజీలు ఆగిపోయాయి కదా అని గుర్తుచేయండి. ఒత్తు అసలు అక్షరంలో సగం ఉంటే చాలు.

ఇంగ్లీషు గురించి ఎక్కువ చెప్పను. ఎ, డి, జి, ఓ అన్నీ చిన్నక్షరాల్లో ఒకే తిప్పుడు, సి రాసినట్టు మొదలుపెట్టి ఎడమకు తిప్పాలి. అది కుదిరితే సగం కుదిరినట్టే. కలిపిరాత కోసం తొందరపెట్టొద్దు. విడివిడిగా నిలబడని అక్షరాలను కలిపికడితే కలిసి పడతాయి.

రబ్బరు దాచేయండి. తప్పు రాస్తే ఒక అడ్డగీత కొట్టి పక్కన మళ్ళీ రాస్తాడు. మీరు లేసు అల్లేటప్పుడు ఒక గొలుసు తప్పిపోతే ఏం చేస్తారు? ఆ నాలుగు కుట్లు విప్పుకుని ముందుకు పోతారు గానీ గుడ్డ చిరిగేదాకా అక్కడే రుద్దుతూ కూర్చోరు కదా. నిజానికి దస్తూరి గురించి మీకు చెప్పాల్సినంత అవసరం నాకు కనబడటం లేదు. లేసు సూదిని బిగించి పట్టుకుంటే కుట్టు బిగుసుకుంటుందనీ, వదులుగా పట్టుకుంటే జారుతుందనీ మీ వేళ్ళకు ఎప్పుడో తెలుసు. ఒకసారి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని సూది చేతికివ్వండి. పట్టు ఎలా ఉండాలో నా ఉత్తరం కంటే మీ చేయి బాగా చెబుతుంది.

రోజుకు పది నిమిషాలు, గడియారం పెట్టి. వాడు ఇంకా రాస్తానన్నా ఆపేయండి, ముఖ్యంగా అప్పుడే ఆపేయండి. ఇలా రెండు మూడు నెలలు. ఒక్కటి గుర్తుంచుకోండి, ముత్యాల్లాంటి అక్షరాలు నేను హామీ ఇవ్వడం లేదు. పదో తరగతి మూల్యాంకనంలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, అక్కడ దిద్దేవాళ్ళకు ముత్యాలు అక్కర్లేదు. తడుముకోకుండా చదవగలిగితే చాలు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటే చాలు.

ఇక సొంతంగా రాయడం. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే బోల్తా పడతారు. దస్తూరీ, రచనా ఒకే పని అనుకుంటారు. కాదు, రెండు వేరు వేరు పనులు. ఒకటి చేతిది, ఇంకోటి బుర్రది. మీ వాడి చెయ్యి ఒక్కో అక్షరం దగ్గరా చెమటోడుస్తోంది. ఆ చేత్తో ఆలోచన కూడా మోయమంటే ఏం చేస్తాడు? తెలివైనవాడు కనుక మూటలో బరువు తగ్గించుకున్నాడు. ‘మేము అంతర్వేది వెళ్ళాము. బాగుంది. ఇంటికి వచ్చాము’ — తక్కువ అక్షరాలు, మొత్తం మూడే ఒత్తులు, ఎవరూ తప్పు పట్టలేరు. దీన్ని బద్ధకం అనకండి, అది లెక్క.

కనుక ఈ రెండు పనులనూ కొంతకాలం విడదీయండి. రాత పది నిమిషాల్లో కథ అడగొద్దు, కథ చెప్పేటప్పుడు అక్షరం చూడొద్దు. సాయంత్రం లేసు పని పక్కన పెట్టి ఒక పావుగంట, వాడు చెబుతుంటే మీరు రాయండి. వాడన్నది అన్నట్టే రాయండి. మీ భాషలోకి మార్చకండి, ‘ఆహ్లాదకరమైన వాతావరణం’ లాంటివి చొప్పించకండి. వాడు ఆగితే ప్రశ్న వేయండి, నిజంగా తెలుసుకోవాలనిపించే ప్రశ్న. మీరు రాసిన ఒక్క వాక్యానికే నాకు ఎన్ని సందేహాలో చూడండి. ఆ గేదె దేనికి బెదిరింది, ఇంజను మోతకా, నీళ్ళు చూసా? తాడు ఎవరి చేతిలో ఉంది? నరసాపురం రేవులో ఎక్కినప్పుడు బాగానే ఉండి మధ్య గోదావరిలో బెదిరిందా? పక్కనున్న వాళ్ళు ఎటు జరిగారు? మీ వాడు ఎవరి చొక్కా పట్టుకున్నాడు? ‘భయపడ్డాను’ అని చెప్పినా ఊరుకోకండి, అప్పుడు చేతులు ఎక్కడున్నాయో అడగండి. పిల్లల దగ్గర విశేషణాలు తక్కువ, చూసినవి చాలా ఎక్కువ. మనం అడగాల్సింది రెండోదే.

మర్నాడు మీరు రాసిన కాగితాన్ని వాడి చేతే చదివించుకోండి. తన మాటలు కాగితం మీద ఉండటం చూస్తే పిల్లల ముఖంలో ఒక వెలుగు వస్తుంది. ఆ తర్వాత అందులోంచి వాడికి నచ్చిన రెండు వాక్యాలు ఎంచుకుని చూచిరాత రాయమనండి. బడిలో చూచిరాత అంటే ఎవరో రాసిన నీతివాక్యం. ఇది వాడి సొంత వాక్యం. చేతి పనీ బుర్ర పనీ ఇక్కడ మొదటిసారి కలుసుకుంటాయి. రెండు వాక్యాలు నాలుగవుతాయి, నెల తిరిగేసరికి మొదటి సగం మీరు రాస్తే రెండో సగం వాడు రాస్తాడు. ఏదో ఒకరోజు కాగితం మీ చేతిలోంచి లాక్కుంటాడు. అప్పుడు ఊరుకోండి.

అందులో అక్షరదోషాలు ఉంటాయి, మాట్లాడే మాటలుంటాయి. మాట్లాడినట్టు రాయకూడదని బెదిరించకండి. రాసే భాష జనం మాట్లాడే భాషకు దగ్గరగా ఉండాలని గిడుగు రామమూర్తిగారు జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు బడిలో దండ వేసి, మర్నాడు పిల్లవాడు ‘గేదె బెదిరిపోయింది’ అని రాస్తే ‘మహిషము భీతిల్లెను’ అని దిద్దే టీచర్లను నేనెరుగుదును. కథలో ఒకే రకం తప్పును ఒక్కదాన్ని ఎంచుకుని, అది కూడా మర్నాడు చెప్పండి.

ఇంట్లో రాతకు పని కల్పించండి. కొట్టుకు పంపేటప్పుడు సరుకుల చీటీ వాడే రాయాలి. పాలవాడి లెక్క క్యాలెండరు మీద వాడే వేయాలి. కొట్టువాడు ‘ఇది కందిపప్పా, గందిపప్పా?’ అని అడిగితే, నేను వంద మార్కులు తీసేసినా రాని జాగ్రత్త వస్తుంది.

ఇవన్నీ చేసినా ఆర్నెల్లలో మార్పు కనబడకపోతే, లేదా రాస్తుంటే చెయ్యి నొప్పి అంటే, పుస్తకం ముక్కుకు ఆనించి చూస్తుంటే, చదవడంలో కూడా అక్షరాలు తారుమారు చేస్తుంటే ఇంకో సంగతి ఆలోచించాలి. ముందు కంటి పరీక్ష, తర్వాత పిల్లల డాక్టరు. తెలివితేటలు చక్కగా ఉన్న పిల్లల్లోనే కొందరికి రాయడం మాత్రమే కష్టమయ్యే ఇబ్బంది ఉంటుంది, దాన్ని డిస్‌గ్రాఫియా అంటారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన వైకల్యాలను కూడా గుర్తించింది. మీ వాడికి అది ఉందని నేను అనడం లేదు, మూడు వరుసలు చూస్తే ఉన్నట్టు కూడా అనిపించడం లేదు. కానీ స్కేలు దెబ్బలతో పోయేది కాదది, అందుకే చెబుతున్నాను.

మీవారికి ఒక మాట. ఆయన రోజూ చెరువుల లెక్కలు రాస్తారన్నారు కదా. ఆ పద్దు పుస్తకం ఒక పేజీ కొడుక్కి చూపించమనండి. ఆయన దస్తూరి ఎలా ఉందో నాకు తెలియదు గానీ, ఏ అంకె పొరపాటుగా కనబడితే ఎంత నష్టం వస్తుందో వాడికి చెప్పడానికి ఆయనకంటే తగినవాళ్ళు లేరు. ట్యూషను మాస్టారి పని ఆయన అరగంటలో చేయగలరు, స్కేలు లేకుండా.

మీ వాడి పేజీ నా దగ్గరే ఉంచుకుంటున్నాను. శ్రావణమాసం లోపు ఇంకో పేజీ పంపించండి, పోస్టుకార్డయినా సరే. అందులో అక్షరాల గురించి నేనేమీ అనను. గేదె అవతలి ఒడ్డున సఖినేటిపల్లి రేవులో దిగిందా, భయపడి వెనక్కి వచ్చేసిందా అన్నది మాత్రం వాడి చేతే రాయించండి.